పూడుల్ పిల్లను కొనేముందు దాని తల్లిని టేపుతో కొలవండి: నా అనుభవం

మా పూడుల్ కుక్క బుజ్జి ఎదగడం ఆగిపోయింది. మూపు దగ్గర, అంటే మెడ వీపుతో కలిసేచోట, ఎత్తు 28 సెంటీమీటర్లు, బరువు 4.7 కిలోలు. ఇక ఇంతేనండీ అని డాక్టరుగారు మొన్ననే తేల్చి చెప్పారు. దాన్ని ఇంటికి తెచ్చుకోకముందే నేను నోటుబుక్కులో రాసిపెట్టుకున్న ఎత్తు అంచనా 27 నుంచి 29 సెంటీమీటర్లు. ఇది గర్వంగానే చెప్తున్నాను. ఎందుకంటే ఈ లెక్క అడిగినందుకే ఒకచోట నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశారు.

మేం ఉండేది బెంగళూరులో, కుందలహళ్లి వైపు అపార్ట్‌మెంట్లో. మా అమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. బరువున్న కుక్క ప్రేమగా ఎగిరి మీద పడినా ఆమె నిలదొక్కుకోలేదు. అందుకే సైజు మాకు ముచ్చట కాదు, అవసరం. జాతి విషయంలో ఇంట్లో వాదనే లేదు. పూడుల్‌కి వెంట్రుకలు రాలడం చాలా తక్కువ, చెప్పింది ఇట్టే పట్టుకుంటుంది. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడటం కూడా ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

అసలు బాధంతా కొనడం దగ్గరే.

ఊరి చివర ఒకాయన దగ్గర మంచి పిల్లలున్నాయంటే కుటుంబమంతా వెళ్లాం. "ఏ ఊరు సార్? అనంతపురమా! అయితే మనోళ్లే" అంటూ కుర్చీలు వేయించాడు. లోపల్నుంచి గోధుమరంగు పిల్లనొకదాన్ని తెచ్చి మా అమ్మాయి అరచేతిలో పెట్టాడు. "టీకప్ పూడుల్ సార్. రెండు నెలలు నిండాయి. జీవితాంతం ఇంతే ఉంటుంది."

నేను పిల్లను తీసుకుని వెలుతురులోకి వెళ్లాను. కళ్లు ఇంకా నీలంగా, పొగపట్టినట్టున్నాయి. నిలబెడితే వెనక కాళ్లు పక్కకి జారిపోతున్నాయి. పెదవి పైకెత్తి చిగురు మీద వేలు పెడితే ముందు పళ్లు అప్పుడే బియ్యపు నూకల్లా పొడుచుకొస్తున్నాయి. కుక్కపిల్లకి ఆ పళ్లు వచ్చేది మూడు నుంచి ఐదు వారాల మధ్య. రెండు నెలల పిల్లకి నోటినిండా పాలపళ్లుంటాయి. అంటే అది నెల పిల్ల. ఈ వ్యాపారంలో కిటుకంతా ఇక్కడే ఉంది. నెల పిల్లను రెండు నెలలదని చెప్తే ఏ పిల్లయినా టీకప్పే! పైగా ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

వయసు సంగతి అప్పటికి పక్కనపెట్టి, "తల్లిని చూపించండి, ఎత్తు కొలుచుకుంటాను" అని మా ఆవిడ కుట్టుమిషను టేపు బయటికి తీశాను.

ఆయన పగలబడి నవ్వాడు. "సార్, కుక్కపిల్లను కొనడానికొచ్చారా, పిల్లను చూసుకోడానికొచ్చారా? అమ్మ ఎంత పొడుగు, నాన్న ఎంత పొడుగు అనడుగుతారేంటి? జాతకం కూడా ఇమ్మంటారా?" అక్కడున్న మిగతా కొనుగోలుదార్లూ నవ్వారు. ఒక కుర్రాడు ఫోన్ తీసి నా టేపుని వీడియో తీస్తున్నాడు. అమ్మేవాడు తన పనివాడి వైపు తిరిగి కన్నడలో "ఇవ్రు తగొళ్ళో పార్టీ అల్ల" అన్నాడు. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నవాణ్ని, కొనే బేరం కాదంటున్నాడని నాకు అర్థం కాదా? మా అమ్మాయి నా చొక్కా లాగుతూ "నాన్నా, వెళ్దాం పద" అంది. పిల్లల ముందు అలాంటి మాట పడటం ఎంత కష్టంగా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అయినా కదల్లేదు. తల్లి ఎక్కడని మళ్లీ అడిగాను. "ఫామ్‌లో ఉంది, దూరం" అన్నాడు. పాలు తాగే పిల్ల ఇక్కడ, తల్లి ఫామ్‌లో! ఆఖరికి, నన్ను బుజ్జగించడానికి కాబోలు, "పెద్దదవుతుందని భయమైతే రోజుకి రెండుసార్లే తిండి పెట్టండి సార్, సైజు రాదు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అంత చిన్న పిల్లకి కడుపు మాడిస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఎత్తుని నిర్ణయించేది వంశం. పస్తులుపెట్టి మూగజీవాన్ని పొట్టిగా ఉంచాలనుకోవడం పాపం. ఆ మాట ఆయన ముఖం మీదే అనేసి వచ్చాను.

టీకప్ అనే సైజు, కుక్కజాతులకి కొలతలు రాసిపెట్టే ఏ కెన్నెల్ క్లబ్బు పుస్తకంలోనూ లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో మూపు దగ్గర 10 అంగుళాల వరకు టాయ్, 10 దాటి 15 వరకు మినియేచర్, ఆపైన స్టాండర్డ్. యూరప్‌లో ఉన్న ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య) లెక్కలో టాయ్ 24 నుంచి 28 సెంటీమీటర్లు, మినియేచర్ 35 వరకు, మీడియం 45 వరకు, స్టాండర్డ్ 60 వరకు. మా బుజ్జి 28, అంటే 11 అంగుళాలు. యూరప్ లెక్కలో టాయ్, అమెరికా లెక్కలో మినియేచర్! కాబట్టి అమ్మేవాణ్ని పేరు అడక్కండి, సెంటీమీటర్లు అడగండి. తల, తోక లెక్కలోకి రావు. కుక్కని నాలుగు కాళ్ల మీద తిన్నగా నిలబెట్టి నేల నుంచి మూపు దాకా కొలవాలి.

బుజ్జి దొరికింది కోలారు వైపు ఒకావిడ ఇంట్లో. నేను టేపు తీయగానే ఆవిడే తల్లిని పట్టుకుని నిలబెట్టారు. తల్లి 27, తండ్రి 28. ఆవిడ చేసిన ఇంకో మేలు, పోయిన ఈతలో అదే జంటకి పుట్టి పక్కవీధిలో పెరుగుతున్న కుక్కని పిలిపించి చూపించడం. అది 29. అమ్మానాన్నలతోపాటు తోబుట్టువుని కూడా చూస్తే అంచనా గట్టిపడుతుంది. అమ్మానాన్నల్లో ఒకటి టాయ్, ఒకటి మినియేచర్ అయితే మాత్రం ఒకే ఈతలో ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంది.

పాదాలు పెద్దవైతే కుక్క పెద్దదవుతుందని మా బావగారు పట్టుబట్టారు. దాన్ని నమ్ముకోలేం. ఈతలో అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకుంటే చిన్నగానే ఉంటుందనడమూ అంతే. చిన్నగా పుట్టినవి చాలాసార్లు తర్వాత మిగతావాటిని అందుకుంటాయి. నమ్మదగ్గది తూకం. ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద బుట్ట పెట్టి బుజ్జిని తూచాను. చిన్నజాతి కుక్కలు నాలుగు నెలలకి సగం బరువో, సగం పైచిలుకో వచ్చేస్తాయి. బుజ్జి అప్పుడు 2.6 కిలోలు. రెట్టింపు చేస్తే 5.2, అది దాటదని రాసుకున్నాను, దాటలేదు. టాయ్ సైజువి ఎనిమిది నెలలకల్లా ఎత్తు ఆగిపోతాయి. స్టాండర్డ్‌కైతే ఏడాది దాటాలి.

మొదటి బేరగాడి మీద రాష్ట్ర జంతు సంక్షేమ మండలికి ఫిర్యాదు పంపాను. అలాంటి చోట ఇప్పటికే కొనేసినవాళ్లుంటే రసీదు పారేయకండి, పిల్ల ఇంటికొచ్చిన రోజే తేదీ పడేలా, పళ్లు కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. వయసు గురించి అబద్ధం చెప్పారని నిరూపించేవి అవే.