మీ అమ్మవాళ్ళ ఊరేది?

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఆస్ట్రేలియాలో నర్సుగా నమోదు కావాలంటే చదువులో భాగంగా కనీసం 800 గంటలు ఆసుపత్రులలోనూ క్లినిక్కులలోనూ పనిచేయాలి. దీన్నే ఇక్కడ ప్లేస్‌మెంట్ అంటారు. మన వైపు ఆ మాట వినగానే ఉద్యోగం వచ్చిందనుకుంటారు కాబట్టి, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆరు వారాల ప్లేస్‌మెంట్ అని ఫోన్‌లో చెప్పగానే మా వదిన జీతమెంతని అడిగింది. జీతం లేదు సరికదా, అద్దె గది ఖర్చు మాదే. 2025 జూలై నుంచి ఇలాంటి విద్యార్థులకు ప్రభుత్వం వారానికి 300 డాలర్ల పైచిలుకు ఇస్తోంది గానీ, దానికి ఆదాయ పరిమితులున్నాయి.

దగ్గరలో ఇన్ని ఆసుపత్రులుండగా ఖండం నడిబొడ్డున ఉన్న ఎడారి ఊరికి వెళ్ళడమేమిటని నేను అడ్డుచెప్పాను. పాతికేళ్ళ క్రితం నేను దేశమే దాటి వచ్చిన సంగతి అది గుర్తుచేస్తుందేమోనని భయపడ్డాను, అలాగే గుర్తుచేసింది.

దాన్ని డయాలసిస్ విభాగంలో వేశారు. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులలో కిడ్నీలు పాడయ్యేవారు దేశంలోని మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్ళు వదిలి, వారానికి మూడుసార్లు, నాలుగైదు గంటలపాటు యంత్రం పక్కన పడుకోవడానికి ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాపురం పెట్టవలసివస్తుంది. రోగుల పేర్లు మా అమ్మాయి చెప్పదు, చెప్పకూడదు కూడా. కానీ ఒక ముసలావిడ ముంజేతి ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట, మొదటిసారి వేళ్ళు ఆనించినప్పుడు, చర్మం కింద తేనెటీగ చిక్కుకున్నట్టు సన్నగా అదిరిందని చెప్పింది. నాకా అదురు తెలుసు. మా అన్నయ్య ఎడమచేతి మీద అది ఉండేది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇంటికొకరు చొప్పున కిడ్నీ జబ్బుతో పోతుంటే చూస్తూ పెరిగాం. ఆలిస్ స్ప్రింగ్స్ రోగులలో చాలామందికి మధుమేహం మూలమని చెబుతారు. మా ఉద్దానంలో మాత్రం, ఇన్నేళ్ళ పరిశోధనల తరవాతా, కారణం ఇదీ అని తేలలేదు. సోంపేట, పలాసలలో డయాలసిస్ కేంద్రాలు రాకముందు మా అన్నయ్య విశాఖలో గది తీసుకుని ఉండేవాడు. పనసకాయలు దిగే రోజులలో చెప్పాపెట్టకుండా ఊరికి వెళ్ళిపోయి, రెండు వాయిదాలు ఎగ్గొట్టి, కాళ్ళు వాచి తిరిగివచ్చేవాడు. నేను ఇక్కడినుంచి ఫోన్‌లో తిట్టేదాన్ని. చదువుకున్నవాళ్ళం గనుక తిట్టే హక్కు ఉందనుకునేవాళ్ళం.

మూడో వారంలో అమ్మాయి రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసింది. బంధువుల చావుకని సొంతూరు వెళ్ళిన ఒక పెద్దాయన ఆ వారమంతా రాలేదట. వచ్చాక, ఎందుకు రాలేదని ఇది అడగబోతే, సీనియర్ నర్సు పక్కకు పిలిచి, ముందు వాళ్ళ ఊరి సంగతులు అడగమందట. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడవద్దని, ఆంటీ, అంకుల్ అని పిలవాలని కూడా చెప్పిందట. "అమ్మమ్మ చెప్పినవే కదమ్మా ఇవన్నీ!" అని నవ్వింది. చిన్నప్పుడు బడిలో కళ్ళలోకి చూసి మాట్లాడమని టీచర్లు, తల దించుకోమని మా అమ్మ, ఇద్దరి మధ్యా ఇది నలిగిపోయేది. పదేళ్ళపాటు ఆదివారం తెలుగు బడికి తిప్పి నేను నేర్పలేకపోయిన మర్యాద దానికి అక్కడ అబ్బింది. కొంచెం చిన్నతనంగానే అనిపించింది నాకు.

కింటోర్ సంగతి కూడా అదే చెప్పింది. ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా 500 కిలోమీటర్ల పైన ఉన్న ఆ ఊరివాళ్ళు, మావాళ్ళు మా మట్టి మీదే ఉండాలని పెద్ద పెద్ద చిత్రాలు గీసి, 2000లో సిడ్నీలో వేలం వేసి, పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టి ఊళ్ళోకే డయాలసిస్ తెచ్చుకున్నారు. చెప్పడం ఆపి, "మామయ్యను అంత తిట్టకుండా ఉండవలసిందమ్మా" అంది. నేను జవాబు చెప్పలేదు.

ఫిస్టులా చూపించిన ఆ ముసలావిడ ఒకరోజు దీన్ని, మీదే ఊరని అడిగిందట. మెల్‌బోర్న్ అంటే తల అడ్డంగా ఊపి, "అది కాదు, మీ అమ్మవాళ్ళ ఊరేది?" అందట. మనవాళ్ళు రైల్లో అడిగినట్టే అడిగింది. ఇది కవిటి పేరు చెప్పి, అక్కడ ఏముంటుందంటే చటుక్కున చెప్పలేక, పనసచెట్టు ఫోటో పంపమని నాకు మెసేజ్ పెట్టింది.

నా దగ్గర లేదు. వదినను అడిగాను. మర్నాడు పొద్దున్నే పంపింది. చెట్టు మొదటినుంచీ కాసిన కాయలు, కింద అన్నయ్య కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఎండుటాకులు. కుర్చీని కత్తిరించి పంపుదామనుకున్నాను, కానీ ఉన్నదున్నట్టే పంపేశాను.