శవ వాహనానికి పర్మిట్ ఏదన్న బీమా కంపెనీ మీద గెలిచాం

నిన్న మధ్యాహ్నం డబ్బు మా ఖాతాలో పడింది. ప్రమాదంలో నుజ్జయిన మా వైకుంఠ రథానికి రావలసిన బీమా సొమ్ము, దాని మీద 9 శాతం వడ్డీ, ఖర్చులు, అన్నీ కలిపి. దేశమంతటా శాఖలున్న పెద్ద కంపెనీ మీద తెనాలిలో పాడెలు కట్టుకుని బతికే కుటుంబం వినియోగదారుల కమిషన్‌లో గెలిచింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను, మా వృత్తిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని.

నాన్న వెదురు బొంగులు, కుండలు, కొత్త గుడ్డలు అమ్మే చిన్న కొట్టుతో మొదలుపెట్టారు. తర్వాత ఫ్రీజర్ బాక్సులు వచ్చాయి, చివరికి అప్పు చేసి వ్యాను కొన్నాం. తమ్ముడు బండి నడుపుతాడు, నేను మిగతా పనులు చూస్తాను. 2021 మేలో, కరోనా రెండో దశలో, అయినవాళ్లు ఆమడ దూరంలో నిలబడితే మేమిద్దరం శవాలను మోసి చితి మీద పెట్టాం. ఈ మాట ఎక్కడైనా తలెత్తుకునే చెబుతాను.

గుంటూరు ఆసుపత్రిలో చనిపోయిన ఒక పెద్దాయనను సూర్యాపేట అవతల సొంత ఊరికి చేర్చి తమ్ముడు ఖాళీ బండితో తిరిగి వస్తున్నాడు. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ దాటాక వెనక నుంచి లారీ గుద్దింది. వాడు బతికి బయటపడ్డాడు, బండి మిగల్లేదు. ఎఫ్‌ఐఆర్, స్పాట్ సర్వే, ఫొటోలు, ఆర్సీ, ఫిట్‌నెస్, లైసెన్సు, అన్నీ సక్రమంగా ఇచ్చాం. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

కష్టం క్లెయిముల ఆఫీసులో మొదలైంది. మేం ఏ పని చేస్తామో విన్న మరుక్షణం అక్కడి అధికారి ముఖం మారింది. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. నేను ఫైలు బల్ల మీద పెడితే చేత్తో ముట్టుకోలేదు. పెన్ను మొనతో ఒక్కొక్క కాగితం తిప్పాడు. అయిపోయాక ఆ పెన్నును కూడా బల్ల అంచుకు నెట్టేశాడు. తర్వాత అడిగాడు: “ఆ రోజు మీ బండిలో వెళ్లింది శవమే అనడానికి రుజువేమిటి?”

ఆసుపత్రి వాళ్లు మాకు ఇచ్చిన చీటీ చూపించాను. చాలదన్నాడు. మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, బండిలో వెంట వెళ్లిన బంధువులు సంతకం చేసిన వాంగ్మూలం కావాలి అన్నాడు. “అయ్యా, ఆ ఇంట్లో ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు” అన్నాను. “అది మీ సమస్య” అన్నాడు.

వెళ్లాను. వాకిట్లో షామియానా వేస్తున్నారు. ఆ పెద్దాయన కొడుకు నన్ను చూసి, బండి బాకీ ఏమైనా మిగిలిందేమోనని జేబులో చెయ్యి పెట్టాడు. బాకీ లేదు నాయనా, మీ నాన్నగారు చనిపోయారని కాగితం కావాలి అని ఆ అబ్బాయితో ఎలా చెప్పాలి? మాకు మాట పొదుపు వృత్తితోనే వచ్చింది. చావు ఇంట్లో డబ్బు మాట మేం ముందు ఎత్తం, అది నాన్న పెట్టిన కట్టడి. ఆ రోజు ఆ కట్టడి తప్పించింది ఆ కంపెనీ. అబ్బాయి లోపలికి వెళ్లి పత్రం నకలు తెచ్చి, అడిగిన చోట సంతకం పెట్టి, “మీ తమ్ముడికి ఎలా ఉంది?” అని అడిగాడు. కంపెనీలో ఏ ఒక్కరూ ఆ మాట అడగలేదు.

నకలు తీసుకెళ్తే గెజిటెడ్ సంతకం కావాలన్నారు. అదీ చేయించాను. ఇంతా చేశాక వచ్చిన తిరస్కరణ లేఖలో శవం ఊసే లేదు. ఒకటే కారణం: రవాణా వాహనానికి పర్మిట్ లేదు, కాబట్టి క్లెయిమ్ చెల్లదు. పర్మిటే వాళ్ల అభ్యంతరమైతే మొదటి రోజే చెప్పవచ్చు. చావు ఇంటి గడప తొక్కించడం ఎందుకు? ఈ ప్రశ్నకు నాకు ఈ రోజుకీ జవాబు రాలేదు.

అసలు సంగతి వినండి. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 66లో మూడో ఉపవిభాగం చదవండి. శవాలను, వాటి వెంట వెళ్లేవారిని తీసుకువెళ్లడానికి మాత్రమే వాడే వాహనానికి పర్మిట్ అక్కర్లేదని స్పష్టంగా ఉంది. ఆర్సీలో మా బండి శవ వాహనమనే నమోదైంది, ప్రీమియం కూడా అలాగే కట్టించుకున్నారు. వాహనాల బీమాతో వ్యాపారం చేసే కంపెనీకి ఈ సెక్షన్ తెలియదంటే నేను నమ్మను.

బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లమని కొందరు చెప్పారు. నేను వెళ్లలేదు. వాళ్ల వకీలు ఆ పర్మిట్ మాటను నా ఎదుట, నిలబడి చెప్పాలన్నది నా పట్టుదల. కమిషన్‌లో కేసు వేయడం తేలిక. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కేసు జిల్లా కమిషన్‌లో వేయాలా, పై కమిషన్‌లోనా అన్నది మనం కట్టిన ప్రీమియం బట్టి చూస్తారు. అది 5 లక్షల లోపు ఉంటే రుసుమే లేదు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ల గడువు మాత్రం దాటనివ్వకండి.

అక్కడ వాళ్ల మొదటి వాదన, మేం లాభానికి బండి నడుపుతున్నాం కాబట్టి వినియోగదారులమే కామని. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకునేవారికి చట్టంలోనే మినహాయింపు ఉంది. పైగా బీమా నష్టం పూడ్చుకోవడానికే తప్ప లాభం గడించడానికి కాదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. రెండోది, తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా ఉంది కాబట్టి సెక్షన్ 66 మినహాయింపు వర్తించదట! శవాన్ని దించిన బండి ఇంటికి రావద్దా? మా వకీలు ఈ ముక్కే అడిగారు. కమిషన్ తీర్పులో రానుపోను రెండూ కలిపి ఒకే ప్రయాణం అని రాసింది.

వాయిదాల మధ్య మా వకీలు అమెరికా సంగతి ఒకటి చెప్పేవారు. మిసిసిపి రాష్ట్రంలో బిలాక్సీ మాజీ మేయర్ జెరెమయా ఓకీఫ్ కుటుంబానిది అంత్యక్రియల వ్యాపారం. ఒప్పందం తప్పిందని వాళ్లు అదే వ్యాపారంలో ఉన్న కెనడా కంపెనీ లోవెన్ గ్రూపు మీద దావా వేశారు. 1995లో జ్యూరీ 50 కోట్ల డాలర్లు ఇవ్వమంది. అక్కడి నిబంధన ప్రకారం వసూలును ఆపి అప్పీలుకు వెళ్లాలంటే తీర్పు మొత్తంలో 125 శాతానికి, అంటే 62.5 కోట్ల డాలర్లకు, బాండు కట్టాలి. లోవెన్ చివరకు 17.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. మన దగ్గర రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో వేయాలి, ముందుగా సగం సొమ్ము జమ చేయాలి. మా బీమా కంపెనీ ఆ గడువు చివరిదాకా మమ్మల్ని కూర్చోబెట్టి, అప్పీలు వేయకుండానే డబ్బు పంపింది.

మా వృత్తివాళ్లకు ఒక మాట. ప్రతి ప్రయాణానికీ చీటీ పుస్తకం పెట్టండి. ఎవరిని, ఎక్కడి నుంచి, ఎక్కడికి, వెంట ఎవరు అన్నది బయలుదేరేటప్పుడే రాసి ఒక సంతకం తీసుకోండి. మళ్లీ ఆ గడపకు కాగితం కోసం వెళ్లే పని ఉండదు. ఆఫీసులో కుర్చీ ఉంటే, చెప్పకపోయినా కూర్చోండి.

కొత్త బండికి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టడానికి ఈ రోజే బయానా ఇచ్చాం. బీమా మాత్రం వేరే కంపెనీలో చేయిస్తున్నాం.