రాతి చుట్టిల్లు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

మామయ్య ఏలూరు వచ్చి నాలుగు రోజులైంది. టీవీ చూడడు. పేపరు పది నిమిషాల్లో ముగించేసి, మా ఇంటి తలుపులకు వంకలు పెడుతూ కూర్చుంటాడు. నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి మరి. ఇవాళ నాకు సెలవు కదా అని గుంటుపల్లి గుహలకు తీసుకెళ్లాను. "గుహల్లో నాకేం పనిరా" అని గొణుగుతూనే చొక్కా తొడుక్కున్నాడు.

కామవరపుకోట దాకా బస్సు, అక్కడి నుంచి జీలకర్రగూడేనికి ఆటో. దారి పొడవునా పామాయిల్ తోటలు. "ధర్మలింగేశ్వరస్వామి దగ్గరికేనా అండీ?" అన్నాడు ఆటో అబ్బాయి. కాదు, బౌద్ధ గుహలకు అన్నాను. "అదేనండీ, అదే" అన్నాడు. కొండెక్కాక గానీ ఆ మాట నాకు బోధపడలేదు. గుండ్రటి గుహలో ఉన్న స్తూపాన్నే ఇక్కడివాళ్లు లింగంగా కొలుస్తారట. మామయ్యకు ఆ పేచీ ఏమీ లేదు. చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, స్తూపం చుట్టూ ఉన్న సన్నటి దారిలో ప్రదక్షిణ మొదలుపెట్టాడు.

సగం తిరిగి ఆగిపోయాడు. తల పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

"ఒరేయ్, ఇది చుట్టిల్లురా!"

నేనూ పైకి చూశాను. నిజమే, గుండ్రటి పూరిగుడిసె కప్పులాగే ఉంది. గుమ్మటంలా వంగిన పైకప్పుకు అన్ని వైపుల నుంచీ వాసాలు లేచి నడినెత్తిన ఒకచోట కలుస్తున్నాయి. వాటికి అడ్డంగా చుట్టూ తిరిగిన కర్రలు. అన్నీ రాయే, కొండను తొలిచి చెక్కినవే. గుమ్మం మీది కమాను కింద కూడా చూరు బయటికి పొడుచుకొచ్చిన కర్రల కొసల్లా చెక్కారు. మామయ్య వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండుసార్లు తప్పాడు.

"ఇవి దేన్నీ మొయ్యడం లేదు, చూశావా? పైనున్నది కొండ. వాసాలు లేకపోయినా ఏమీ కాదు. అయినా పెట్టాడు."

ఎందుకు పెట్టాడంటావు అని అడిగాను.

"వాడికి తెలిసిన ఇల్లు ఇదే కదరా" అన్నాడు. కాసేపాగి, "చెక్క పాడైతే ఇంకో ముక్క తెచ్చుకుంటాం. ఇక్కడ ఉలి ఒక్కసారి జారితే కొండ మొత్తం మార్చాలి" అన్నాడు. అన్నాక గోడను అరచేత్తో మెల్లగా తట్టాడు. నా తలుపులకు ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

క్రీస్తుకు పూర్వం నాటిదీ పని. బీహార్‌లోని బరాబర్ కొండల్లో సుదామ, లోమశ ఋషి గుహల్లోనూ ఇలాగే గుడిసె పోలిక ఉంటుందని చెబితే, "అక్కడా మా వాళ్లే చేసి ఉంటారు" అని తేల్చేశాడు.

నా మనసు మాత్రం ఇంకోచోట చిక్కుకుంది. ఇక్కడ దొరికిన ఒక పాతకాలపు బ్రాహ్మీ లిపి శాసనంలో, కళింగను ఏలిన మహామేఘవాహన వంశానికి చెందిన సిరిసద మహారాజు దగ్గర లేఖకుడిగా ఉన్న చుళగోముడు మండపం కట్టించి ఇచ్చినట్టు ఉంది. లేఖకుడంటే మా బోటి రాతకోతల ఉద్యోగే. నేను మూడేళ్లుగా వరండాకు రేకులు వేయించాలనుకుంటున్నాను. ఆయన మండపం ఎలా కట్టించగలిగాడో! ఆ కాలంలో ఇంటి అప్పు వాయిదాలు లేవేమో.

పైన ఇటుకలతో కట్టిన చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం, వరుసగా చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలు. ఎండ మాడ్చేస్తోంది, నీళ్ల సీసా ఆటోలోనే మరిచిపోయాం. భిక్షువులు ఉండటానికి తొలిచిన పెద్ద విహారం నీడలో కాసేపు చతికిలబడి దిగివచ్చేశాం. మెట్ల మీద నా చెప్పు తెగింది.

ఇంటికి రాగానే మామయ్య చెప్పుకు చిన్న మేకు కొట్టి ఇచ్చాడు. భోజనమయ్యాక మా అబ్బాయి దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, వరండా గచ్చు మీద ఒక పెద్ద సున్నా గీశాడు. అంచు నుంచి మధ్యకు గీతలు లాగుతూ, కొప్పు దగ్గర అన్ని వాసాలు ఇమడాలంటే ఒక్కోదాన్ని ఎంత సన్నం చేయాలో వాడికి చెబుతున్నాడు. ఈ రాస్తున్నప్పుడు కూడా ఆ గొంతు వినపడుతోంది.

పొద్దున తడిగుడ్డ పెట్టేటప్పుడు అటు వెళ్లవద్దని మా ఆవిడకు చెప్పాలి.