ఇవాళ నా వీపు నేను చూసుకున్నా

పొద్దున జడ వేసుకుంటుంటే కుడి చెయ్యి మళ్ళీ సగంలో ఆగిపోయింది. మార్చిలో బెంజి సర్కిల్ దాటాక స్కూటీ మీంచి పడి కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాలు స్లింగ్‌లోనే ఉంచా, అతుక్కుందని ఎక్స్‌రే చూసి చెప్పారు, నొప్పీ తగ్గింది, కానీ పై అరలో కందిపప్పు డబ్బా అందుకుందామంటే భుజం చెవి దాకా లేస్తుంది, చెయ్యి మాత్రం లేవదు.

కొత్త ఫిజియో అమ్మాయి ఇవాళ భుజం ముట్టుకోనే లేదు. అటు తిరిగి నిలబడి రెండు చేతులూ మెల్లగా ఎత్తి, అంతకన్నా మెల్లగా దించమంది, మా పాప వెనకనించి ఫోన్‌లో వీడియో తీసింది. చూస్తే నోట మాట రాలేదు. ఎడమ రెక్క ఎముక చర్మం కింద చేపలా జారి దాని చోట్లో కూచుంటోంది, కుడిది మాత్రం దించేటప్పుడు సగంలో టక్కున పొడుచుకొస్తోంది, దాని అంచు జాకెట్టులోంచి కూడా తెలుస్తోంది.

రెక్క ఎముక కదలిక ఇలా గాడి తప్పడాన్ని స్కాపులర్ డిస్కైనీసిస్ అంటారట. చెయ్యి నిటారుగా లేచే 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలుది, మిగతా 60 ఈ రెక్క తిరగడం వల్లే వస్తుంది. రెక్కని పక్కటెముకలకి అదిమిపట్టే సెరేటస్ కండరం, మెడ నించి వీపు దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరంలో కింది భాగం పనిలేక నీరసపడ్డాయి, దాని పై భాగం ఒక్కటే లాగుతోంది. అప్పుడా అమ్మాయి రెక్క కింది మూలకి అరచెయ్యి ఆనించి నేను ఎత్తుతుంటే తనూ పైకీ పక్కకీ తోసింది, అంతే, చెయ్యి చెవి పక్కకి వెళ్ళిపోయింది, నొప్పే లేదు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెయ్యి బానే ఉంది ఆంటీ, వెనకాలే పట్టు లేదు" అంది. ఇన్ని నెలల్లో ఒక్కరూ నన్ను వెనక్కి తిరగమనలేదు, నాకదే బాధ.

బరువులు ఇప్పుడే వద్దంది. గోడకి చేతులు ఆనించి పుషప్, మోచేతులు పూర్తిగా చాపాక ఇంకో అంగుళం గోడని తొయ్యాలి, అసలు పనంతా ఆ అంగుళంలోనే. గుమ్మానికి ముంజెయ్యి ఆనించి ఛాతీ సాగదియ్యాలి, ఛాతీ కండరం బిగుసుకుపోతే రెక్కని ముందుకి వంచేస్తుందట. వారాలు కాదు, నెలలు పట్టొచ్చంది, పట్టనీ.

సాయంత్రం వంటింటి గోడ దగ్గర మొదలెట్టా, పాప వీపు మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. ఏడోసారికి "అమ్మా, బయటికొస్తోంది, ఆపు" అంది. ఆపేశా. కందిపప్పు డబ్బా ఇంకా గట్టు మీదే ఉంది.