కబ్ క్యాడెట్ 122: పని ఎంతవరకు వచ్చిందంటే

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి పెద్ద ట్రాక్టర్లు ఎర్రగా ఉంటే, పెరటి ట్రాక్టర్లు మాత్రం పసుపు, తెలుపు రంగుల్లో వచ్చేవి. 1961లో మొదలైన ఆ వరుసకు కబ్ క్యాడెట్ అని పేరు. నా దగ్గరున్నది 122 మోడల్. కెంటకీలోని లూయివిల్ ఫ్యాక్టరీలో 1965-67 మధ్య తయారైన రకం. కోహ్లర్ కె301 పెట్రోలు ఇంజను, ఒకటే సిలిండరు, 12 హార్స్‌పవర్. మన ఊళ్లలో మడి దున్నే పవర్ టిల్లరుకూ దీనికీ శక్తిలో పెద్ద తేడా లేదు. ఒహాయోలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ కొట్టంలో ఏళ్ల తరబడి కదలని ఈ బండిని మూడు వందల డాలర్లకు ఇచ్చేశారు. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "దీంతో ఎన్నెకరాలు దున్నుతావురా?" గోంగూర మడి, నాలుగు దోస పాదులు అన్నాను. ఆయన ఫోను అమ్మకు ఇచ్చేశారు.

ఇదే ఎందుకంటే, ఇంజను నుంచి గేర్‌బాక్సు దాకా మధ్యలో బెల్టు లేదు. ఇనుప షాఫ్టు, క్లచ్చి ప్లేటు, అచ్చం పెద్ద ట్రాక్టరులాగే. 1947లో వచ్చిన ఫార్మాల్ కబ్ అనే పొలం ట్రాక్టరు గేర్లనే ఇందులోనూ వాడారు కాబట్టి వెనక భాగం మొండిది. 1963లో వచ్చిన జాన్ డీర్ 110 కూడా మంచి బండే, కానీ అందులో శక్తి బెల్టుల మీదుగా చక్రాలకు చేరుతుంది. నాకు బెల్టులతో పడదు. ఇలాంటి బండి కొనాలనుకునేవారు రంగు చూసి మోసపోకుండా ముందు రేకు భాగాలన్నీ ఉన్నాయో లేదో చూడాలి. రింగులు, గ్యాస్కెట్లు, పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చి) నేటికీ కొత్తవి దొరుకుతున్నాయి. బానెట్టు, ముందు జాలీ పోతే మాత్రం ఇంకో బండిని కొని విప్పాల్సిందే.

ఇంజను

తెచ్చేనాటికి ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఇలాంటప్పుడు పొడుగాటి పానా తగిలించి ఫ్లైవీలును బలవంతంగా తిప్పే ఆచారం ఒకటుంది. కోహ్లర్ కె సిరీస్‌లో కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియంది, లోపల విడిగా బేరింగు షెల్లు కూడా ఉండదు. అక్కడ బలం చూపిస్తే రాడ్డు పోతుంది. హెడ్డు విప్పి, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలు, ఎసిటోన్ చెరిసగం సిలిండరులో పోశాను. ఆ రెండూ తమంతట తాము కలవవు, పోసే ముందు సీసాను బాగా కుదపాలి. ఎసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి గ్యారేజీ తలుపు తెరిచి ఉంచడం తప్పనిసరి. కొన్నాళ్లు నాననిచ్చి, పిస్టను మీద చెక్కముక్క ఆనించి సుత్తితో తేలిగ్గా తడితే వెంట్రుక వాసి కదిలింది. కదిలిందంటే వచ్చినట్టే.

పిస్టను నెత్తి మీద మసి గీకితే 020 అని ముద్ర కనిపించింది. అంటే ఈ సిలిండరును ఇదివరకే ఎవరో అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు బోరు కొట్టించారు. అసలు బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 3.375 అంగుళాలు. ఇంకోసారి కొట్టిస్తే 030 సైజు, అదే ఆఖరి మెట్టు. కొలిచి చూస్తే గోడలు మరీ అరగలేదు, తుప్పు మచ్చలు పైపైనే ఉన్నాయి. అందుకని బోరు జోలికి పోకుండా హోనింగు చేసి (గోడలను రాతితో పైపైన గీకి), 020 సైజు రింగులే వేశాను. రింగును సిలిండరులో పెట్టి దాని రెండు కొసల మధ్య సందు కొలవడం మరిచిపోకూడదు. వాడిన సిలిండరులో ఆ సందు 30 థౌ (అంగుళంలో వెయ్యింట 30 వంతులు) దాటకూడదని కోహ్లర్ లెక్క.

ఇది పాతకాలపు ఫ్లాట్‌హెడ్ ఇంజను, వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో పిస్టను పక్కన ఉంటాయి. ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోట గుంటలు పడ్డాయి. గ్రైండింగు పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ రుద్దాను. మొదట గరగరమన్న చప్పుడు కొంతసేపటికి మెత్తబడుతుంది. తుడిచి చూస్తే సీటు చుట్టూ తెగకుండా ఒక బూడిదరంగు గీత రావాలి. ఎక్కడ తెగినా మళ్లీ మొదలు. తరువాత ట్యాపెట్ల సర్దుబాటు, అంటే వాల్వు కాడకూ దాన్ని ఎత్తే ట్యాపెట్టుకూ మధ్య సందు: చల్లని ఇంజనులో ఇన్‌టేకుకు 8 నుంచి 10 థౌ, ఎగ్జాస్టుకు 17 నుంచి 20 థౌ. ఎగ్జాస్టు సందును తేలిగ్గా తీసుకోకూడదు. నా ఇంజను కామ్‌షాఫ్టులో కంప్రెషన్ రిలీజు ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది ఎగ్జాస్టు వాల్వును కొంచెం ఎత్తిపట్టి ఒత్తిడి వదిలేస్తుంది. సందు ఎక్కువైతే ఎత్తు అందదు, సెల్ఫ్ మూలుగుతుంది. బ్యాటరీని తిట్టుకునేవాళ్లలో సగం మంది ముందు ఈ సందు కొలుచుకోవాలి.

హెడ్డు వంకర తీయడానికి లేత్ అక్కర్లేదు. మందపాటి గాజుపలక మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి, హెడ్డును ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే చాలు. మెరుపు అంతటా సమంగా వచ్చేదాకా రుద్దాలి. బోల్టులు ఒక్కసారే బిగించేయకుండా, వరుస ప్రకారం రెండు మూడు విడతల్లో 25 నుంచి 30 అడుగు-పౌండ్ల వరకు తేవాలి. కొత్త గ్యాస్కెట్టు కాబట్టి ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూశాను.

ఇంకో మాట. తరువాతి కాలపు కె301లలో కొన్నిటికి కుదుపు తగ్గించే బ్యాలెన్స్ గేర్లు ఉంటాయి. అవి విరిగితే బ్లాకుకు చిల్లు పడుతుంది. అందుకే విప్పినప్పుడు వాటిని తీసి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. నా ఇంజనులో అవి లేవు, ఆ బెంగ తప్పింది.

నిప్పు, పెట్రోలు, డైనమో

పాత బులెట్ తోలినవాళ్లకు పాయింట్లు, కండెన్సరు అంటే వేరే చెప్పక్కర్లేదు. ఇందులో అవి ఇంజను పక్కన చిన్న రేకు మూత కింద ఉంటాయి, కామ్‌షాఫ్టు ఒక సన్నని కడ్డీతో వాటిని తెరుస్తుంది. పుస్తకం ప్రకారం సందు 20 థౌ. నేను ఫీలర్ గేజి కంటే బల్బును నమ్ముతాను. కాయిలు నుంచి పాయింట్లకు వెళ్లే చివరకు ఒక తీగ, బాడీకి ఒక తీగ కలిపి చిన్న 12 వోల్టుల బల్బు పెట్టాలి. ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే, దాని గుర్తులు చూడటానికి పెట్టిన కిటికీ రంధ్రంలో మొదట ఎస్ అక్షరం, తరువాత టి అక్షరం కనిపిస్తాయి. టి అంటే పిస్టను పైన ఉన్నట్టు. ఎస్ దానికి 20 డిగ్రీల ముందు. ఎస్ గీత రంధ్రం నడిమికి వచ్చిన క్షణాన బల్బు వెలగాలి. అలా కుదిరాక గేజి పెట్టి చూస్తే 20కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని ఇక కదపనక్కర్లేదు. ప్లగ్గు సందు 35 థౌ.

కార్బురేటరు కార్టర్ ఎన్ రకం. ఇత్తడి జెట్లలో గట్టి తీగ దూర్చకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది. ద్రావకంలో నానబెట్టి గాలి కొడితే సరిపోయింది. పైన ఉన్న మెయిన్ సూదిని మెత్తగా ఆనేదాకా తిప్పి, అక్కడి నుంచి రెండు చుట్లు వదిలితే ఇంజను లేస్తుంది. తక్కిన సర్దుబాటు అది వేడెక్కాక చెవులతో చేసుకునేదే. ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాలు ఉంటుంది. చలికాలమంతా అది టాంకులో నిలవుంటే మళ్లీ ఇదే పని. ఇథనాలు కలపని పెట్రోలు ధర ఎక్కువే, కానీ ఏడాదికి ఈ బండి తాగేదెంత?

ఈ బండిలో సెల్ఫ్ మోటారు, డైనమో ఒకటే. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది బెల్టుతో ఇంజనును తిప్పుతుంది, ఇంజను లేచాక ఇంజనే దాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది. మునుపటి మరమ్మతులో ఎవరో చార్జింగును అదుపుచేసే రెగ్యులేటరును తప్పించి తీగలు నేరుగా కలిపేశారు. ఆ వైరింగు మొత్తం పీకేసి కొత్తది వేశాను. బ్రష్‌లు మార్చి, కమ్యుటేటరును లేత్ మీద నున్నగా చేయించాను. డైనమోను గాని రెగ్యులేటరును గాని విప్పి బిగించాక, ఇంజను లేపే ముందు రెగ్యులేటరు మీది బ్యాటరీ, జనరేటరు చివరల మధ్య ఒక తీగను లిప్తపాటు తాకించాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది. అది చేయకపోతే డైనమోలో అయస్కాంతం తిరగబడి, రెగ్యులేటరు కాలిపోయే ప్రమాదం ఉంది.

క్లచ్చి

అసలు కుస్తీ ఇక్కడ. షాఫ్టు మందం 5/8 అంగుళం. దాని మీద గట్టి స్ప్రింగు, రెండు ప్రెషర్ ప్లేట్లు, నడుమ రాపిడి ప్లేటు, వెనక రిలీజు బేరింగు. వీటన్నిటినీ పట్టి ఉంచేవి చుట్టలు చుట్టిన ఉక్కు పిన్నులు. ఒక పిన్ను స్థానంలో మామూలు బోల్టు కనిపించింది. బోల్టు మెత్తని ఇనుము. అది ఆడీ ఆడీ షాఫ్టులో గుండ్రటి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చింది. ఈ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, పిన్ను ఊడగానే ఎగిరి మొహం మీదికి వస్తుంది. ప్రెస్సులో పెట్టి, స్ప్రింగును కొంచెం నొక్కి, అప్పుడే పిన్నును కొట్టాలి. కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

కొత్త షాఫ్టు లేత్ మీద తయారు చేయించాను. షాఫ్టు ముందు కొస దూరే బుష్షు కూడా మార్చడం మంచిది. అది అరిగితే షాఫ్టు తల ఊగి, కొత్త ప్లేటును కూడా తినేస్తుంది. బిగించాక రిలీజు లివరుకు, బేరింగుకు మధ్య 50 థౌ సందు ఉండేలా పెడలు కడ్డీ సర్దాను. సందు లేకపోతే బేరింగు ఎప్పుడూ తిరుగుతూనే ఉండి కాలిపోతుంది.

గేర్‌బాక్సు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పాత నూనె పలచటి మజ్జిగలా వచ్చింది, అంటే నీళ్లు చేరాయి. కడిగి, ఏడు పింట్ల హై-ట్రాన్ గేరు నూనె పోశాను. గేర్లు చెక్కుచెదరలేదు. స్టీరింగు రాస్ కంపెనీ పెట్టె. విప్పి, కొత్త గోళీలు వేసి, గ్రీజు నింపి, పక్కనున్న బోల్టుతో ఆట తగ్గించాను. చక్రం ఇంకా రెండు వేళ్లంత ఊగుతుంది, అంతవరకు క్షమించవచ్చు.

తుప్పు, రంగు

చిన్న ఇనుప భాగాలకు విద్యుత్తుతో తుప్పు వదిలించాను. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, గాలనుకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా. వంట సోడా కాదు. ఆటోమేటిక్ కాని పాత బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగ మనకు కావలసిన భాగానికి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప ముక్కకు. ఈ తీగలు తారుమారైతే మంచి భాగమే కరిగిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. అల్యూమినియం భాగాలు ఇందులో వేయకూడదు, సోడాకు అది కరిగిపోతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి తొట్టి ఆరుబయటే ఉండాలి. రాత్రంతా ఉంచి తీస్తే తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్‌కే ఊడి వస్తుంది. తీసిన వెంటనే ఆరబెట్టి ప్రైమరు కొట్టకపోతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది.

బానెట్టుకు మాత్రం కొత్త రంగు వేయడం లేదు. తళతళలాడేలా పసుపు కొట్టి, స్టిక్కర్లు అంటించి ప్రదర్శనలకు తీసుకెళ్లేవాళ్లంటే నాకు గౌరవమే. కానీ అంత మెరిసే బండితో మంచు తొయ్యడానికి చెయ్యి రాదు. పాత రంగును మెత్తటి పాలిషుతో రుద్ది మైనం పట్టించాను. వెలిసిపోయిన చోట వెలిసిపోయినట్టే ఉంది. చక్రాలకు మాత్రం తెలుపు వేయక తప్పలేదు, తుప్పు రిమ్ముల్ని తినేస్తోంది.

రంగు కంటే ముందు చూడాల్సింది ఇంజనును చల్లబరిచే గాలిని దాని మీదుగా నడిపే రేకు. దాని కింద ఎలుక గూడు పెట్టుకుంటే సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య గాలి ఆడదు, ఇంజను వేడికి బిగిసిపోతుంది. నా బండిలో పిడికెడు కాదు, దోసెడు గడ్డి, పీచు, వడ్లలాంటి గింజల పొట్టు వచ్చాయి. ఇప్పుడు ప్రతి వసంతంలో ఆ రేకు విప్పాలని గోడ మీద రాసి పెట్టుకున్నాను. దాని కిందే ఇంకో గీత: ప్రతి 25 గంటలకు ఆయిలు మార్పు. వేసవిలో ఎస్ఏఈ 30, మంచు నెలల్లో 10డబ్ల్యూ-30. ఈ ఇంజనుకు ఆయిలు పంపు లేదు, రాడ్డు కిందున్న గరిటెలాంటి కొస నూనెను చిమ్ముతుంది. మట్టం తగ్గినా, ఏటవాలు నేల మీద చాలాసేపు నడిపినా అది అందాల్సిన చోటికి అందదు.

ప్రస్తుతం బండి ఒక్క సెల్ఫ్‌కే లేస్తోంది, మూడు గేర్లూ రివర్సూ పడుతున్నాయి. మిగిలింది 42 అంగుళాల గడ్డికోత డెక్కు. మూడు స్పిండిళ్ల బేరింగులూ గరగరమంటున్నాయి. వాటి అంచున చెక్కిన నంబరు చదివి బేరింగుల దుకాణంలో అడిగితే, ట్రాక్టరు విడిభాగాలవాళ్లు చెప్పే ధరలో సగానికే ఇస్తామన్నారు. డెక్కు కుడి అంచున రేకు చివికింది, అక్కడ ముక్క అతికించి వెల్డింగు చేయాలి. ఏప్రిల్‌లో గడ్డి లేచేలోపు అది బండి కిందికి ఎక్కాలి.