పదకొండు తర్వాత పదమూడు

పెట్టె వెనక అచ్చువేసిన కథల పట్టిక మీద వేలు పెట్టి మా అమ్మాయి చదువుతోంది. తొమ్మిది, పది, పదకొండు, పదమూడు.

"పన్నెండు వదిలేశావమ్మా" అన్నాను.

"నేను వదల్లేదు నాన్నా. ఇందులోనే లేదు" అంది.

టోక్యోలో నకనో బ్రాడ్‌వే అనే పాత అంగళ్ల సముదాయంలో నిలబడి ఉన్నాం. 1966లో మొదలైన కట్టడం అది. ఇరుకు దారులు, గాజు అరల నిండా పాత బొమ్మలు, పుస్తకాలు, క్యాసెట్లు, డిస్కులు. అదే 1966లో జనవరి 2న వింత రాక్షసుల ధారావాహిక 'అల్ట్రా క్యూ', జులై 17న అలాంటి రాక్షసులతో తలపడే మహాకాయుడి ధారావాహిక 'అల్ట్రామ్యాన్' జపాన్ టీవీలో మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'అల్ట్రాసెవెన్' డిస్కుల పెట్టె ఇప్పుడు మా చేతిలో ఉంది. తీసినవి 49 కథలు. పెట్టెలో ఉన్నవి 48.

ఆ పన్నెండో కథ 1967 డిసెంబరు 17న ప్రసారమైంది. బాంబు ప్రయోగం వల్ల రక్తం పాడైపోయిన వేరే గ్రహంవాళ్లు భూమికి వచ్చి, చేతి గడియారాల ద్వారా మనుషుల రక్తం లాగేసుకుంటారు. అప్పట్లో అది మామూలుగానే వచ్చిపోయింది. 1970లో ఒక పిల్లల పత్రిక ఇచ్చిన కార్డు మీద ఆ ప్రాణిని 'అణుధార్మికతకు గురైనవాడు' అనే అర్థం వచ్చే మాటతో పరిచయం చేశారు. హిరోషిమా, నాగసాకి బాధితులను పిలిచే మాట అది. రాక్షసుల పక్కన తమ పేరు చూసి వాళ్లు నిరసన తెలిపారు. నిర్మాతలు కథను పక్కన పెట్టారు. అప్పటినుంచి జపాన్‌లో అది టీవీలో మళ్లీ వెయ్యలేదు, క్యాసెట్టుగానో డిస్కుగానో రాలేదు. ఆ బాధితుల మనసు నొచ్చుకోవడం న్యాయమే. అయినా కథ చూడకుండా కథ గురించి ఏమీ అనలేనన్న వెలితి, ఆ రోజంతా నాతోనే తిరిగింది.

ఈ పెట్టెల కోసం నన్ను పంపింది మా అన్నయ్య. 1980లలో దూరదర్శన్‌లో 'జెయింట్ రోబోట్' వచ్చేది. తెనాలిలో మా వీధికంతటికీ ఒకటే టీవీ. చేతి గడియారంలోకి మాట్లాడి కొండంత రోబోను రప్పించే కుర్రవాడు అప్పట్లో మా అందరికీ దేవుడితో సమానం. 1967 అక్టోబరులో జపాన్‌లో మొదలైన 26 కథలవి. చివరి కథలో కుర్రవాడు వెనక్కి రమ్మని ఎంత మొత్తుకున్నా రోబో వినదు. శత్రువును పట్టుకుని ఆకాశంలోకి వెళ్లి, తానూ పేలిపోతుంది. ఆ రాత్రి అన్నయ్య అన్నం ముట్టలేదు. అప్పుడు అతనికి పదకొండేళ్లు.

నేను బయలుదేరే ముందు ఫోను చేసి ఒకటే మాట చెప్పాడు. "ఒరేయ్, పోట్లాటలు మాత్రం ఏరి కూర్చినవి తేవద్దు. మొదటినుంచి చివరిదాకా ఉన్నవే తీసుకురా."

పోట్లాటల క్యాసెట్లు ఆ అంగట్లో ఒక అర నిండా ఉన్నాయి. రాక్షసుడు వస్తాడు, మేడలు కూలుస్తాడు, చస్తాడు, ఇంకొకడు వస్తాడు. ఈ పద్ధతి క్యాసెట్ల కాలం కంటే పాతది. 1970 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు 'అల్ట్రా ఫైట్' అని రోజూ అయిదేసి నిమిషాలు వేశారు. 'అల్ట్రామ్యాన్', 'అల్ట్రాసెవెన్' నుంచి యుద్ధాలు మాత్రం కత్తిరించి, కుస్తీపోటీకి చెప్పినట్టు వ్యాఖ్యానం జోడించారు. పాత ఫిల్ము అయిపోయాక మిగిలిన రాక్షసుల తొడుగులను ఆరుబయట మనుషులకు తొడిగి కొత్త పోట్లాటలు తీశారు. మొత్తం 196 ముక్కలు. ఆ ముక్కలే పిల్లల్లో రాక్షసుల మీద మోజును మళ్లీ రేపాయి, 1971 ఏప్రిల్‌లో కొత్త అల్ట్రామ్యాన్ రావడానికి దారి వేశాయి. ఆ మేలు కాదనను. కానీ నేను అన్నయ్య పక్షమే.

రోబో పెట్టె కూడా దొరికింది. డబ్బు కట్టే ముందు ఒక సంగతి చూసుకోవాలి. డీవీడీలకు ప్రపంచాన్ని మండలాలుగా విడగొట్టారు. జపాన్ రెండు, మనది అయిదు. అక్కడ కొన్నది మన మామూలు ప్లేయరులో ఆడదు. అన్ని మండలాల డిస్కులూ ఆడే ప్లేయరు అన్నయ్య ముందే కొని ఉంచాడు. ఆంగ్ల ఉపశీర్షికలు లేవు. వాటి సంగతి జపనీసు వచ్చిన మా అమ్మాయి చూసుకుంటానంది.

మర్నాడు సోషిగయా-ఓకురా స్టేషను. 'అల్ట్రామ్యాన్' తీసిన త్సుబురాయ సంస్థ ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే ఉండేది. స్టేషను ముందు అల్ట్రామ్యాన్ విగ్రహం, అంగళ్ల వీధిలో అతని తలలాంటి దీపాలు. ఒక గంట తిరిగి వచ్చేశాం.

నేను అసలు వెళ్లాలనుకున్న ఊరు సుకగవా. ఫుకుషిమా ప్రాంతంలో చిన్న పట్టణం. బుల్లెట్ రైల్లో కొరియామా దాకా వెళ్లి, అక్కడ మామూలు రైలెక్కి రెండు స్టేషన్లు వెనక్కి రావాలి. 1954లో గాడ్జిల్లా సినిమాకు ప్రత్యేక దృశ్యాలు తీర్చి, 1963లో సొంత సంస్థ పెట్టి ఈ అల్ట్రా కథలన్నిటికీ మూలపురుషుడైన ఎయిజీ త్సుబురాయ 1901లో పుట్టింది ఇక్కడే. బియ్యానికి బూజు పట్టించి పులియబెట్టడానికి వాడే 'కోజీ' తయారుచేసి అమ్మే కుటుంబం. కుర్రవాడికి మాత్రం విమానాల పిచ్చి. హనేదాలో విమానం నడపడం నేర్పే బడిలో చేరాడు. గురువు విమాన ప్రమాదంలో పోవడంతో ఆ బడి మూతపడింది. ఎగరాలనుకున్నవాడు చివరికి తీగలు కట్టి బొమ్మ విమానాలను ఎగరేశాడు.

స్టేషను బయట అల్ట్రామ్యాన్ నిలబడి ఉన్నాడు. అక్కణ్నుంచి ఊళ్లోకి నడుస్తుంటే పాదచారుల దారి పక్కన గొమోరా, ఎలెకింగ్, నాణేల సంచీ మూతిలాంటి నోటితో కనెగొన్, అన్నీ ఆ కథల్లోని రాక్షసుల విగ్రహాలు. బడి పిల్లలు వాటిని చూడకుండానే దాటిపోతున్నారు, మన ఊళ్లో రావిచెట్టును దాటినట్టు. 2011 భూకంపంలో ఈ ఊరు బాగా దెబ్బతింది. రెండేళ్లకు, అల్ట్రామ్యాన్ పుట్టిన ఎం78 వెలుగుల లోకంతో సుకగవా అక్కాచెల్లెళ్ల ఊళ్ల ఒప్పందం చేసుకుంది. నిజంగా మేడలు కూలిన ఊరు, మేడలు కూల్చే రాక్షసులను తెచ్చి గుమ్మంలో నిలబెట్టుకుంది. గొమోరా కొమ్ముల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను.

భూకంపం తర్వాత కట్టుకున్న పౌర భవనంలో కింద గ్రంథాలయం, అయిదో అంతస్తులో త్సుబురాయ ప్రదర్శనశాల. ప్రవేశ రుసుము లేదు. ఊరికి దూరంగా, ప్రత్యేక దృశ్యాల సామగ్రిని భద్రపరిచే ఇంకో కేంద్రాన్ని 2020 నవంబరులో తెరిచారు. అక్కడే నాకు కాళ్లు కదల్లేదు. గాజు అవతల అరల్లో చిన్న చిన్న ఇళ్లు, కరెంటు స్తంభాలు, విమానాలు, చిత్రీకరణ అయ్యాక ఎవరో పారెయ్యకుండా దాచినవి. ఇంత చిన్న గోడ కూలితే కళ్లకు బరువుగా ఎలా కనిపిస్తుంది? కెమెరాను మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా తిప్పుతారు. తెర మీద మామూలు వేగంతో వేసేసరికి పడిపోవడం నెమ్మదిస్తుంది; నెమ్మదించినది పెద్దదిగా కనిపిస్తుంది. వస్తువులూ వృథా పోలేదు. గాడ్జిల్లా తొడుగుకే మెడ చుట్టూ జాలరు తగిలిస్తే 'అల్ట్రామ్యాన్' పదో కథలో జిరాస్ అనే రాక్షసుడయింది. 'అల్ట్రా క్యూ'లోని కీచురాయి మనిషి తొడుగే మార్పులతో బాల్టన్ అనే గ్రహాంతరవాసి అయింది. ముక్కలు ఏరి కూర్చడమంటే ఇలా కూర్చాలి అనిపించింది.

ఆ రాత్రి అమ్మాయి గదిలో 'అల్ట్రామ్యాన్' పెట్టె విప్పాం. 1966 డిసెంబరు 18న వచ్చిన 23వ కథ పెట్టమన్నాను. 'అల్ట్రాసెవెన్' పెట్టెలో లేని ఆ పన్నెండో కథ రాసిన మమోరు ససాకి, తీసిన అకియో జిస్సోజీ, ఇద్దరూ కలిసి చేసిందే ఇది. గుంటూరులో ఉన్న అన్నయ్యను వీడియోలోకి పిలిచి ఫోనును టీవీ వైపు తిప్పాం. అక్కడ సాయంత్రం ఆరున్నర. అమ్మాయి ప్రతి మాటకూ ఆపి వాళ్ల పెదనాన్నకు తెలుగులో చెబుతోంది.

జమీలా రాక్షసుడు కాదు, వ్యోమగామి. దారి తప్పి నీళ్లు లేని గ్రహం మీద పడ్డాడు. ఒళ్లు ఎండి పగిలి మారిపోయింది. పంపిన దేశం విషయం దాచిపెట్టింది. పగతో తిరిగివచ్చిన అతను మనిషని ఎవరికీ తెలియనివ్వకుండా చంపమని ఆజ్ఞ వస్తుంది. రాక్షసులతో పోరాడే దళంలో ఒకడు తుపాకి కింద పడేస్తాడు. చివరికి అల్ట్రామ్యాన్ అతని మీద నీళ్లు కురిపిస్తాడు. ఒకప్పుడు ఏ నీటి కోసం అల్లాడాడో ఆ నీరే. బురదలో పాకుతూ, దేశాల జెండాలను నేలకూల్చుతూ చనిపోతాడు. అతనికి ఒక సమాధి ఫలకం పెడతారు. మానవజాతి ఆశయం కోసం ప్రాణమిచ్చిన వీరుడని దాని మీద రాస్తారు.

అమ్మాయి అక్కడ ఆపింది. గుంటూరు వైపునుంచి చప్పుడు లేదు.

"పోట్లాటల క్యాసెట్టులో ఇది ఎంతవరకు ఉంటుందమ్మా?" అని అడిగాడు అన్నయ్య కాసేపటికి.

"ఆ నీళ్లు చల్లేది, అంతే పెదనాన్నా."

మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. అమ్మాయి డిస్కును వెనక్కి తిప్పింది.