హైలాండ్స్‌లో కత్తి పట్టిన నాలుగు రోజులు

మన వాడుకలో వేట మాంసం అంటే మేక మాంసమే. మాటలో వేట మిగిలింది గాని, వేటాడిన జంతువు మన వంటింటి గడప తొక్కి తరాలు గడిచాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన అడవుల్లో వేట నేరం కూడా. అందువల్ల అడవి జంతువు కొండ మీది నుంచి గిన్నెలోకి ఏ చేతుల మీదుగా, ఏ జాగ్రత్తలతో వస్తుందో దగ్గరుండి నేర్చుకోవాలన్న నా కోరిక తీరడానికి స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ దాకా వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఎర్ర దుప్పుల వేట చట్టబద్ధం. తోడేళ్ళు శతాబ్దాల కిందటే అంతరించడంతో వాటిని అదుపులో ఉంచే మృగం మిగలలేదు; మందలు మితిమీరితే లేత మొక్కను చెట్టు కానివ్వవు. ఆడ దుప్పుల వేటకాలం అక్టోబరు 21న మొదలై ఫిబ్రవరి 15న ముగుస్తుంది. నేను నవంబరులో, ఇన్వర్‌నెస్ దాకా రైల్లో, అక్కడి నుంచి కారులో పడమటి లోయల్లోకి వెళ్ళాను.

నాకు పని నేర్పినవారు ముప్పై ఏళ్ళకు పైగా స్టాకర్‌గా ఉన్న పెద్దమనిషి. దుప్పి జాడ పసిగట్టి, గాలికి ఎదురుగా పాకుతూ చేరువై, ఒక్క గుండుతో పడగొట్టడం స్టాకర్ పని. తుపాకీ నాకు ఇవ్వనని ఆయన ముందే చెప్పారు. నేను అడగనూ లేదు. నాకు కావలసింది తుపాకీ మోత తరువాతి పని.

మొదటి రోజు కొండకు వెళ్ళలేదు. కత్తి నూరడంతోనే గంట గడిచింది. పది సెంటీమీటర్ల అలుగు చాలునని, మొండి కత్తికే బలం ఎక్కువ పెట్టవలసి వస్తుందని, చేతులు తెగేది అప్పుడేనని ఆయన పదే పదే చెప్పారు. ఆ తరువాత నా ముందు ఒక అడవి కుందేలును పెట్టారు. ముందుగా బొటనవేలితో పొత్తికడుపును తోక వైపు నొక్కి మూత్రాశయం ఖాళీ చేయించారు. అది లోపల చితికితే తొడల మాంసమంతా పాడవుతుంది. పొట్ట మీది తోలును చిటికెడు పైకెత్తి చిన్న గాటు పెట్టి, పేగులు తీసేశాక, వెనక కాళ్ళను ఒక్కొక్కటిగా తోలులోంచి బయటికి తోసి లాగితే, పసిపిల్లవాడికి చొక్కా విప్పినట్లు తోలంతా మెడ దాకా ఒక్క ఊపులో వచ్చేసింది. కాలేయాన్ని అంటిపెట్టుకుని ఉన్న పిత్తాశయాన్ని మాత్రం కొంచెం కాలేయంతో సహా కోసి పారేయమన్నారు. చేప, కోడి శుభ్రం చేసిన వారెవరికైనా ఈ భయం తెలిసిందే. ఒక్క చుక్క చిందితే కూరంతా చేదు.

రెండో రోజు తెల్లవారకముందే బయలుదేరి, ఎండిన గడ్డిలోనూ బురదలోనూ నాలుగు గంటలు నడిచాక, ఆయన ఒక ఆడ దుప్పిని కొట్టారు. అది పడిన చోటికి వెనక వైపు నుంచి వెళ్ళి, కర్ర కొనతో కంటిని తాకి, రెప్ప కదలలేదని చూశాకే నన్ను దగ్గరకు రానిచ్చారు. దాని ఒళ్ళు నా చేతికి ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే ఇక్కడ అసలు శత్రువు. దుప్పి నెమరువేసే జంతువు. ప్రాణం పోయినా పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ వాయువు పుట్టిస్తూనే ఉంటాయి, పొట్ట ఉబ్బుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆ చెడు మాంసానికి పాకుతుంది. అందుకే పొట్టను, పేగులను కొండ మీదే తీసేస్తారు. ఆ పనిని అక్కడ గ్రాలఖ్ అంటారు. పేగులు అనే అర్థమున్న గేలిక్ మాట నుంచి వచ్చిందది.

తలను పల్లానికి ఉండేలా తిప్పి, రొమ్ము ఎముకకు ముందు, మెడ మొదట్లో కత్తి దించి నెత్తురు వార్చారు. తరువాత మెడ తోలు చీల్చి శ్వాసనాళం పక్కనే ఉండే అన్నవాహికను వేరు చేసి, గీకి శుభ్రం చేసి, నా చేత ముడి వేయించారు. ఈ ముడి ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దపొట్టను బయటికి లాగినప్పుడు అన్నవాహిక కూడా దానితోపాటు ఛాతీలోంచి వెనక్కి జారుతుంది. ముడి లేకపోతే సగం అరిగిన గడ్డి దారి పొడవునా ఒలికిపోతుంది.

ఆ తరువాత దుప్పిని వెల్లకిలా తిప్పి పొట్ట తెరవమని కత్తి నా చేతికిచ్చారు. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు గాటులోకి దూర్చి తోలును పైకెత్తి, ఆ రెండు వేళ్ళ నడుమ అలుగు పదును ఆకాశం వైపు ఉండేలా పెట్టి, లోపలి నుంచి బయటికి కోస్తూ పోవాలి. అలా కోస్తే కిందున్న పెద్దపొట్టకు మొన తగలదు, తెగిన వెంట్రుకలు మాంసం మీద రాలవు. నేను జానెడు మేర బాగానే కోశాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, తోలు ఒక్క క్షణం జారింది. మొన పెద్దపొట్టను తాకింది. చిన్న బుస్సుమనే చప్పుడుతో పులిసిన పచ్చగడ్డి వాసన ముఖానికి కొట్టింది, ఆకుపచ్చటి రసం పొట్ట కండ మీదికి పారింది.

నేను నీళ్ళ సీసా అందుకోబోతే ఆయన చేయి పట్టుకుని ఆపారు. కడిగితే ఆ మురికి పోదని, నీళ్ళతో పాటు మంచి మాంసానికి కూడా పాకుతుందని చెప్పి, ఇంకో శుభ్రమైన కత్తి తీసి, రసం తగిలిన కండను అంగుళం వెడల్పు ఎక్కువే కోసి తీసేశారు. అరచేయంత ముక్క పోయింది. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు, కాని ఆ ముక్క గడ్డిలో పడి ఉండడం చూస్తూ నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. కూరలో ఉప్పు తప్పితే దిద్దుకోవచ్చు. ఇక్కడ చచ్చిన జంతువులో కొంత నా చేతి తప్పు వల్ల వృథాగా పోయింది.

మిగతా పని ఆయనే చేస్తూ చూపించారు. పొట్ట, పేగులు దొర్లించి తీశాక, పేగుల నడుమ ఉండే లింఫు గ్రంథులను ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. వాచినా, చీము పట్టినా క్షయ ఉందేమోనని అనుమానించి మాంసాన్ని పక్కన పెడతారు. కాలేయం మీద పురుగు జాడలున్నాయేమో వెతికారు. ఆ కాలేయానికి పిత్తాశయం ఎక్కడుందని నేను అడిగాను. దుప్పులకు పిత్తాశయమే ఉండదట. నిన్న కుందేలు దగ్గర పడిన భయం ఈ జంతువు దగ్గర అక్కర్లేదన్నమాట. కళ్ళారా చూసినా కాసేపు నమ్మలేకపోయాను.

కిందికి తెచ్చాక లార్డర్ అనే గదిలో పని. దుప్పిని వెనక కాళ్ళతో కొక్కేలకు వేలాడదీసి, రొమ్ము ఎముక రంపంతో కోసి, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం తీసి, తూచి, చీటీ కట్టి శీతల గదిలోకి తోశారు. మాంసం లోపలి దాకా 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగాలన్నది నియమం. తోలు మాత్రం ఒలవలేదు. అది ఉన్నంత కాలం మాంసం పైన ఎండిపోదు. వారం రోజులు అలా వేలాడితే బిగుసుకున్న కండలు వాటంతట అవే మెత్తబడతాయి. గుండెకు, కాలేయానికి ఆ నిరీక్షణ అక్కర్లేదు కనుక, ఆ రాత్రి గుండెను చీల్చి, లోపల గడ్డకట్టిన నెత్తురు కడిగి, కవాటాలు కోసేసి, పలుచటి ముక్కలుగా వెన్నలో వేయించుకున్నాము. నీచు వాసన లేదు.

మూడో రోజు, వారం కిందట వేలాడదీసిన దుప్పి తోలు ఒలిచాను. చల్లబడిన తోలు వెచ్చని తోలులా తేలిగ్గా రాదు. కాళ్ళ దగ్గర, తొడల లోపలి వైపు మాత్రమే కత్తి వాడి, మిగతాదంతా పిడికిలితో తోలుకూ కండకూ నడుమ నెడుతూ, రెండో చేత్తో కిందికి లాగుతూ పోవాలి. డొక్కల దగ్గర పలుచటి కండ ఒకటి తోలుతోనే లేచి వస్తుంది; అక్కడ ఆగి, దాన్ని పిడికిలితో వెనక్కి ఒత్తి, మళ్ళీ లాగాలి. గంటన్నర పట్టింది, భుజాలు పడిపోయాయి. గుండు దిగిన చోట కమిలిన కండను, సీసపు తునకలు చేరి ఉండవచ్చు కనుక, చుట్టూ బాగా ఎడంగా కోసి పారేశాము.

వంటలో రెండు సంగతులు నాకు కొత్త. దుప్పి కొవ్వు నోట్లో మైనంలా పేరుకుంటుంది, అందుచేత వీలైనంత తీసేయాలి. కండలను చుట్టిన వెండిలాంటి పొర ఎంత ఉడికించినా రబ్బరులా సాగుతుంది. కత్తి పదునును పొర వైపు కాస్త వంచి, కండ పోకుండా దాన్ని ఒలుచుకు రావాలి. వీపు కండను పెనం మీద కొద్ది నిమిషాలు కాల్చి దించేశాము. జబ్బ మాంసాన్ని ఉల్లిపాయ, క్యారెట్‌తో సన్నటి సెగ మీద మూడు గంటలు ఉడికించాము. నాకు జబ్బే నచ్చింది. ఎముక దానంతట అదే ఊడి వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన తుంపరలో ఇంకో దుప్పి పడింది. ఈసారి కోయడానికి ముందు వేళ్ళను చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకున్నాను. ముడి వేశాను, రెండు వేళ్ళ మీద పొట్ట తెరిచాను, పెద్దపొట్టను రెండు చేతులా పట్టుకుని ఎడమ పక్కకు దొర్లించాను. అన్నవాహిక ముడితో సహా శుభ్రంగా వెనక్కి వచ్చింది. స్టాకర్ టార్చి వేసి పొట్ట లోపలి గోడలంతా చూశారు, ముడిని వేలితో లాగి చూశారు. తరువాత జేబులోంచి చీటీ తీసి, రాయమని పెన్సిలుతో సహా నా చేతికిచ్చారు.